బిడ్డ డిగ్రీ చదువు – సర్కారు సాయం

ఏటా ఎండాకాలంలో ఇంటర్ ఫలితాలు వస్తాయి. బిడ్డ పాసైందని ఇంట్లో సంతోషిస్తారు. రెండు రోజులు గడుస్తాయి. తర్వాత ఒక మాట వస్తుంది.

"ఇంకేం చదివిస్తం? పైసలు యాడికెల్లి తెస్తం?"

ఈ మాట బాన్సువాడలో వినిపిస్తుంది. బీర్కూరులో, నిజాంసాగర్‌లో కూడా వినిపిస్తుంది. మగపిల్లాడైతే అప్పు చేసైనా కాలేజీకి పంపుతారు. ఆడపిల్లయితే పెళ్లి మాట మొదలవుతుంది.

ఆడపిల్ల పెళ్లికి సర్కారు సాయం ఉంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ 2014లో మొదలయ్యాయి. మొదట 51,000 రూపాయలు ఇచ్చేవారు. 2018 నుంచి 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. మరి డిగ్రీ చదువుకు ఇచ్చే సాయం సంగతి ఎంతమందికి తెలుసు? అది పెళ్లి సాయం కంటే చాలా ముందు నుంచే ఉంది. తెలిసినవాళ్లకు కూడా సగమే తెలుసు. "ఏదో స్కాలర్‌షిప్ అంట" అంటారు. ఎవరికి వస్తుందో, ఎలా వస్తుందో, ఎందుకు ఆగిపోతుందో తెలియదు.

తెలియకపోతే ఏమవుతుంది? రావలసిన డబ్బు రాదు. బిడ్డ చదువు మధ్యలో ఆగుతుంది. అందుకే ఈ సంగతులు ప్రతి తల్లీ తెలుసుకోవాలి.

ఇది దానం కాదు

కొందరు సర్కారు సాయం అడగడానికి సిగ్గుపడతారు. సిగ్గు అక్కర్లేదు. ఎందరో గొప్పవాళ్లు ఇలాంటి సాయంతోనే చదువుకున్నారు.

డాక్టర్ అంబేద్కర్ సంగతే చూడండి. 1913లో ఆయన అమెరికా వెళ్లారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. సొంత డబ్బుతో వెళ్లలేదు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఉపకార వేతనం ఇచ్చారు. దానితో చదివారు. ఉపకార వేతనం అంటే చదువుకునే వాళ్లకు ఇచ్చే డబ్బు. దాన్నే స్కాలర్‌షిప్ అంటారు.

తర్వాత అంబేద్కర్ వైస్రాయి ప్రభుత్వంలో సభ్యుడయ్యారు. ఎస్సీ పిల్లల పైచదువులకు డబ్బు ఇవ్వాలని గట్టిగా అడిగారు. 1944లో ఆ పిల్లలకు ఉపకార వేతనాలు మొదలయ్యాయి. ఆ పథకం నేటికీ నడుస్తోంది. పదో తరగతి తర్వాత చదువులకు ఇచ్చేది కాబట్టి దాన్ని పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటారు. ఇందులో 2021 నుంచి నూటికి 60 రూపాయలు కేంద్రం ఇస్తుంది. 40 రూపాయలు రాష్ట్రం ఇస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09లో ఇంకో మార్పు వచ్చింది. అర్హత ఉన్న పేద విద్యార్థులందరికీ కాలేజీ ఫీజు సర్కారే కట్టే పద్ధతి వచ్చింది. దాన్నే ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటున్నారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక కూడా అది కొనసాగుతోంది.

ఈ డబ్బు ఎవరి జేబులోదీ కాదు. సబ్బులాంటివి కొన్నప్పుడల్లా జనం పన్ను కడుతూనే ఉన్నారు. ఆ పన్నులోంచే ఈ డబ్బు వస్తుంది.

డబ్బు రెండు రకాలు

సర్కారు ఇచ్చే డబ్బు రెండు రకాలు. ఈ తేడా తెలుసుకోవాలి.

మొదటిది ఉపకార వేతనం. ఇది బిడ్డ ఖర్చులకు ఇస్తారు. పుస్తకాలకు, బట్టలకు, తిండికి పనికొస్తుంది. ఇది బిడ్డ బ్యాంకు ఖాతాలో పడుతుంది.

రెండోది ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది కాలేజీ ఫీజు. సాధారణంగా ఇది బిడ్డ చేతికి రాదు. కాలేజీ ఖాతాకు వెళ్తుంది.

"మా బిడ్డకు స్కాలర్‌షిప్ రాలేదు" అని ఒక తల్లి బాధపడుతుంది. ఏది రాలేదు? ఖాతాలో పడే డబ్బు రాలేదా? కాలేజీకి వెళ్లే ఫీజు రాలేదా? ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. అప్పుడే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఎవరికి వస్తుంది?

ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఈ సాయం ఉంది. ఓసీల్లో పేదవాళ్లకు ఉంది. వాళ్లను ఈబీసీలు అంటారు. వికలాంగ విద్యార్థులకు కూడా ఉంది.

అయితే ఇంటి ఆదాయానికి ఒక హద్దు ఉంది. బీసీ, ఈబీసీ కుటుంబాల ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షా 50 వేల రూపాయలు దాటకూడదు. పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర పథకంలో హద్దు 2 లక్షల 50 వేలు. ఈ హద్దులను సర్కారు అప్పుడప్పుడు మారుస్తుంది. అందుకే దరఖాస్తు వేసే ముందు ఆ ఏటి హద్దు ఎంతో మీ-సేవలో అడగాలి.

ఇంకో షరతు ఉంది. బిడ్డ రోజూ కాలేజీకి పోవాలి. నూటికి 75 రోజుల హాజరు ఉండాలి. నాట్లకనీ, కోతలకనీ, పెళ్లిళ్లకనీ నెలల తరబడి మాన్పిస్తే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే డబ్బు ఆగుతుంది. ఒక రోజు కూలి కోసం చూసుకుంటే ఏడాది ఫీజు మీదికి వస్తుంది.

సీటు ఎలా వచ్చింది?

చాలామంది ఇక్కడే మోసపోతారు. సీటు వస్తే చాలనుకుంటారు. ఎలా వచ్చిందో చూడరు.

తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఇస్తున్నారు. దోస్త్ అంటే కంప్యూటర్‌లో డిగ్రీ సీట్లు పంచే పద్ధతి. బిడ్డ ఇంటర్ మార్కులు, కావలసిన కాలేజీలు అందులో నమోదు చేయాలి. మొదటి విడతలో నమోదుకు 200 రూపాయలు కట్టాలి. బిడ్డ ఆధార్‌కు సెల్ నంబరు కలిపి ఉండాలి. మార్కులను బట్టి, రిజర్వేషన్‌ను బట్టి సీటు వస్తుంది.

దోస్త్‌లో సీటు వస్తే, మిగతా అర్హతలు ఉంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. దోస్త్ విడతలు అయిపోయాక కొన్ని సీట్లు మిగులుతాయి. వాటిని కాలేజీ వాళ్లే నింపుకుంటారు. దాన్ని స్పాట్ అడ్మిషన్ అంటారు. ఆ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు కూడా రాదు.

ఎండాకాలంలో కొందరు ఇళ్లకు వస్తారు. "మా కాలేజీలో చేర్పించండి. మీరు రూపాయి కట్టక్కర్లేదు" అంటారు. అప్పుడు తల్లి ఒక మాట అడగాలి. "ఇది దోస్త్ సీటా? స్పాట్ సీటా?" దోస్త్ సీటు అయితే కంప్యూటర్ కాగితం ఉంటుంది. అది చూపించమని అడగాలి. ఇంటి సెల్‌ఫోన్‌కు వచ్చిన ఓటీపీని వాళ్లకు చెప్పకూడదు. చెబితే వాళ్లకు నచ్చిన కాలేజీనే బిడ్డ పేరున ఎక్కిస్తారు.

బాన్సువాడలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. అది డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. ఆ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువ. సర్కారు డబ్బు ఆలస్యమైనా అక్కడ ఇంటి మీద పడే బరువు తక్కువగా ఉంటుంది.

ఇంజనీరింగు సంగతి వేరు. అక్కడ ఫీజులు ఎక్కువ. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు ఇస్తారు. బీసీ విద్యార్థికి ఎంసెట్ ర్యాంకు 10,000 లోపు వస్తే పూర్తి ఫీజు వస్తుంది. ఈ పరీక్షకు ఇప్పుడు ఈఏపీసెట్ అని పేరు. ర్యాంకు 10,000 దాటితే చాలామందికి ఏడాదికి 35,000 వరకే వస్తుంది. మిగతాది ఇంట్లోంచి కట్టాలి. కాలేజీ ఫీజు 80,000 అనుకుందాం. అప్పుడు ఇంటి మీద పడేది ఏడాదికి 45,000. నాలుగేళ్లకు 1,80,000. ఈ లెక్క సీటు తీసుకునే ముందే వేసుకోవాలి.

కాగితాలు ముందే కావాలి

దరఖాస్తుకు ఈ కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

1. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో.
2. ఆధార్ కార్డు.
3. కుల ధ్రువీకరణ పత్రం.
4. ఆదాయ ధ్రువీకరణ పత్రం.
5. బిడ్డ పేరున బ్యాంకు పాస్‌బుక్.
6. ఎక్కడెక్కడ చదివిందో చెప్పే బోనఫైడ్ సర్టిఫికెట్లు.
7. ఫోటోలు.

కులం, ఆదాయం పత్రాలకు మీ-సేవలో దరఖాస్తు చేయాలి. వాటిని తహసీల్దారు ఇస్తారు. ఇవి ఒక్క రోజులో రావు. కాలేజీలు తెరిచే సమయంలో అందరూ ఒకేసారి వస్తారు. అప్పుడు ఇంకా ఆలస్యం అవుతుంది. అందుకే ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టాలి.

కొందరి పాత కాగితాల్లో నిజామాబాద్ జిల్లా అని ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. బాన్సువాడ అంతకుముందు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యం పేరు. పదో తరగతి మెమోలో ఉన్న పేరే అన్నిటా ఉండాలి. ఒక దానిలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇంకో దానిలో వెనక ఉంటుంది. ఒక దానిలో పుట్టిన తేదీ తప్పు పడుతుంది. కంప్యూటర్ ఇవన్నీ పోల్చి చూస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు ఆగిపోవచ్చు.

ఈ పని తల్లి చేయగలదు. కాగితాలన్నీ చాప మీద పరవాలి. పేరు మీద వేలు పెట్టాలి. అక్షరం అక్షరం కలిపి చూడాలి. పుట్టిన తేదీ చూడాలి. తండ్రి పేరు చూడాలి. తేడా ఉంటే ఆధార్ కేంద్రానికి పోయి సరిచేయించాలి.

బ్యాంకు ఖాతా సంగతి కూడా చూడాలి. ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి. రెండేళ్లు డబ్బు వేయకుండా, తీయకుండా ఉంటే ఖాతా పనిచేయకుండా పోతుంది. బడిలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా ఇంకా నడుస్తోందా? బ్యాంకుకు పోయి అడగాలి.

దరఖాస్తు ఏ దారిలో పోతుంది?

కాలేజీలో చేరాక ఈ-పాస్‌లో దరఖాస్తు వేయాలి. ఈ-పాస్ అంటే స్కాలర్‌షిప్‌ల కోసం సర్కారు పెట్టిన కంప్యూటర్ పద్ధతి. మీ-సేవలో గానీ, నెట్ సెంటర్‌లో గానీ వేస్తారు.

వేసిన తర్వాత ఒక కాగితం వస్తుంది. దాని మీద దరఖాస్తు నంబరు ఉంటుంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచాలి. నంబరును ఒక నోటు పుస్తకంలో కూడా రాసుకోవాలి.

ఆ కాగితాన్నీ, మిగతా కాగితాల నకళ్లనూ కాలేజీలో ఇవ్వాలి. బిడ్డ వేలిముద్ర వేయాలి. ప్రిన్సిపాల్ పరిశీలించి పైకి పంపుతారు. సంక్షేమ శాఖ అధికారి చూస్తారు. మంజూరు చేస్తారు. అప్పుడు బిల్లు ఖజానాకు వెళ్తుంది. తర్వాత డబ్బు వస్తుంది.

ఇన్ని మెట్లున్నాయి. ఏ మెట్టు మీదైనా దరఖాస్తు ఆగవచ్చు. వేసి ఊరుకుంటే కుదరదు. నెలకోసారి నంబరుతో చూడమని బిడ్డకు చెప్పాలి. ఎక్కడ ఆగిందో ఈ-పాస్‌లోనే కనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. దరఖాస్తు ఒక్కసారి వేస్తే సరిపోదు. ఏటా వేయాలి. రెండో ఏడు, మూడో ఏడు వేసేదాన్ని రెన్యువల్ అంటారు. "పోయినేడు వేసినం గదా" అని ఊరుకున్నవాళ్లకు ఆ ఏడు డబ్బు రాదు. ఆఖరి తేదీ ఎప్పుడో కాలేజీ నోటీసు బోర్డు మీద ఉంటుంది.

అమెరికాలో కూడా ఇలాగే ఉంది. అక్కడ 1972లో పేద విద్యార్థుల కోసం ఒక సాయం పెట్టారు. దాన్ని పెల్ గ్రాంట్ అంటారు. అక్కడా ఏటా ఒక దరఖాస్తు నింపాలి. నింపనివాళ్లకు రాదు.

బీడీలు చేసే తల్లుల పిల్లలకు

నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో వేలాది ఆడవాళ్లు బీడీలు చేస్తారు. ఒళ్లో చేట పెట్టుకుంటారు. పొద్దంతా తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుడతారు. వాళ్ల పిల్లల చదువుకు వేరే సాయం ఉంది. దాన్ని కేంద్ర కార్మిక శాఖ ఇస్తుంది.

ఈ సాయం ఒకటో తరగతి నుంచే ఉంది. ఇంటర్ చదివే పిల్లలకు ఏడాదికి 3,000 రూపాయలు. డిగ్రీ చదివే వాళ్లకు 6,000. ఇంజనీరింగు, డాక్టరు చదువులకు 25,000. తల్లికి గానీ తండ్రికి గానీ బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. కనీసం ఆరు నెలలు ఆ పని చేసి ఉండాలి.

దీనికి ఈ-పాస్‌లో దరఖాస్తు వేయకూడదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వేయాలి. అది కేంద్రం నడిపే కంప్యూటర్ పద్ధతి.

అయితే ఒకే ఏడాది రెండు ఉపకార వేతనాలు ఇవ్వరు. వేరే స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థికి బీడీ కార్మికుల సాయం రాదు. కాబట్టి ఏది మేలో లెక్క చూసుకోవాలి.

ఒక అమ్మాయి కాలేజీ ఫీజు ఏడాదికి 12,000 అనుకుందాం. బీడీ సాయం తీసుకుంటే 6,000 చేతికి వస్తాయి. కానీ 12,000 ఫీజు ఇంట్లోంచి కట్టాలి. అంటే ఇంటి మీద 6,000 పడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఆ 12,000 సర్కారు కడుతుంది. పైగా ఉపకార వేతనం కూడా వస్తుంది. ఆ అమ్మాయికి ఇదే మేలు.

ఇంకో అమ్మాయి ప్రభుత్వ కాలేజీలో చదువుతోంది. ఫీజు 2,000 అనుకుందాం. బీడీ సాయం 6,000లోంచి ఫీజు పోతే 4,000 మిగులుతాయి. ఈ-పాస్‌లో వచ్చే ఉపకార వేతనం 4,000 కంటే ఎక్కువా, తక్కువా? అది కాలేజీలో అడిగి తెలుసుకోవాలి. అప్పుడు ఏది కావాలో తేల్చుకోవాలి.

మంచి మార్కులు వచ్చిన పిల్లలకు

ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్లకు కేంద్రం ఒక ఉపకార వేతనం ఇస్తుంది. డిగ్రీ చదివినన్నాళ్లు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి 4 లక్షల 50 వేలు దాటకూడదు. ఆ గ్రూపులో నూరుమంది ఉంటే మార్కుల్లో పై 20 మందిలో ఉండాలి. ఇందులో సగం ఆడపిల్లలకే కేటాయించారు. దీన్ని తీసుకునేవాళ్లకు కూడా వేరే సాయం, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండవు. ఆదాయం కొంచెం ఎక్కువై, ఈ-పాస్‌కు అర్హత లేని ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ఇంజనీరింగు మొదటి ఏడులో చేరే ఆడపిల్లలకు ప్రగతి అనే ఉపకార వేతనం ఉంది. ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు.

ఈ రెండిటికీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు వేయాలి.

తిండి, ఉండడం, బస్సు

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఉండడానికి, తినడానికి, తిరగడానికి కూడా డబ్బు కావాలి.

దూరం ఊళ్లో చదివే పిల్లలకు ప్రభుత్వ వసతి గృహాలు ఉన్నాయి. ఇంటర్, డిగ్రీ విద్యార్థుల తిండి ఖర్చుకు ఇదివరకు నెలకు 1,500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 2,100 చేశారు.

గురుకుల డిగ్రీ కాలేజీలు కూడా ఉన్నాయి. 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ ఆడపిల్లల కోసం 30 డిగ్రీ కాలేజీలు పెట్టింది. అక్కడ చదువు, తిండి, వసతి అన్నీ ఒకే చోట ఉంటాయి.

ఇంటి నుంచి పోయి వచ్చే ఆడపిల్లలకు బస్సు ఖర్చు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కిరాయి లేదు. బాన్సువాడ నుంచి కామారెడ్డికో, నిజామాబాద్‌కో, బోధన్‌కో పోయి చదువుకోవచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. "బస్సు కిరాయే నెలకు ఇంతవుతది" అని చదువు మాన్పించే రోజులు పోయాయి.

డబ్బు ఆలస్యమైతే

సర్కారు డబ్బు ఎప్పుడూ సమయానికి రాదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలంగాణలో ఫీజుల బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. 2025 నవంబరు మొదటి వారంలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసేశాయి. కొంత డబ్బు ఇస్తామని సర్కారు చెప్పాక మళ్లీ తెరిచాయి.

ఈ ఆలస్యంలో నలిగేది పిల్లలు. చదువు అయిపోతుంది. సర్టిఫికెట్ల కోసం కాలేజీకి పోతారు. "మీ ఫీజు సర్కారు నుంచి రాలేదు. మీరు కట్టండి. వచ్చాక తిరిగి ఇస్తాం" అంటారు. తల్లి పుస్తెలతాడు కుదువ పెట్టి కడుతుంది. లేదంటే బిడ్డ ఉద్యోగానికి పోలేక ఇంట్లో కూర్చుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో పద్ధతి చూశారు. 2021 ఏప్రిల్ నుంచి ఫీజు డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లే పోయి కాలేజీలో కట్టాలి. డబ్బు వచ్చిందో లేదో తల్లికి నేరుగా తెలిసేది. అయితే కొందరు కట్టడం లేదని కాలేజీలు ఫిర్యాదు చేశాయి. 2024లో ప్రభుత్వం మారింది. డబ్బు మళ్లీ కాలేజీలకే ఇచ్చే పద్ధతి వచ్చింది.

తెలంగాణలో ఫీజు సాధారణంగా కాలేజీకే పోతుంది. కాబట్టి అది వచ్చిందో లేదో తల్లి అడిగి తెలుసుకోవాలి. అడగడానికి దారులున్నాయి.

కాలేజీకి రూపాయి కట్టినా రసీదు తీసుకోవాలి. రసీదు మీద ఏమి రాశారో చదవాలి. "సర్కారు డబ్బు వస్తే తిరిగి ఇస్తాం" అంటే ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి.

పిల్లల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదు. పరిశీలించి తిరిగి ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 2018లో ఈ ఆదేశం ఇచ్చింది. కాలేజీ ఇవ్వకపోతే విశ్వవిద్యాలయానికి అర్జీ పెట్టాలి.

సోమవారం కలెక్టర్ కార్యాలయంలో ప్రజావాణి ఉంటుంది. అక్కడ అర్జీ ఇవ్వవచ్చు. అర్జీలో బిడ్డ పేరు, కాలేజీ పేరు, దరఖాస్తు నంబరు రాయాలి. ఇచ్చినట్లు రసీదు తీసుకోవాలి.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. "మా బిడ్డ దరఖాస్తు ఎక్కడ ఆగింది? ఎందుకు ఆగింది?" అని సంక్షేమ శాఖను కాగితం మీద అడగవచ్చు. జిల్లా కార్యాలయంలో ఫీజు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న వాళ్లకు ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక్కరే పోతే భయం వేస్తుంది. సంఘం అక్కచెల్లెళ్లు నలుగురు కలిసి పోవాలి. పొదుపు సంఘంలో వాయిదాల లెక్కలు అడగడం వచ్చిన వాళ్లకు, ఇదీ వస్తుంది.

అప్పు వేరు, సాయం వేరు

బ్యాంకులు చదువుకు అప్పు ఇస్తాయి. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదు. అయినా అది అప్పే. వడ్డీతో తీర్చాలి. ఉపకార వేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ తిరిగి ఇవ్వక్కర్లేదు. అందుకే ముందు సాయం అడగాలి. అది చాలకపోతేనే అప్పు సంగతి చూడాలి. అధిక వడ్డీకి తెచ్చే ముందు బ్యాంకును అడగాలి.

మోసాలు జాగ్రత్త

కొన్నిసార్లు ఫోన్ వస్తుంది. "మీ బిడ్డకు స్కాలర్‌షిప్ మంజూరైంది. 500 పంపండి" అంటారు. లేదంటే "ఓటీపీ చెప్పండి" అంటారు. సర్కారు అలా అడగదు. డబ్బు పంపకూడదు. ఓటీపీ చెప్పకూడదు. ఒకవేళ మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

తల్లి చేయగల పని

డిగ్రీ అంటే మూడేళ్లు. మూడు దరఖాస్తులు వేయాలి. రసీదులు దాచాలి. ఇంట్లో ఒక సంచి పెట్టుకోవాలి. బిడ్డ కాగితాలన్నీ అందులోనే ఉండాలి. ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి. దరఖాస్తు నంబరు, వేసిన తేదీ, కట్టిన డబ్బు అందులో రాయాలి.

ఇదివరకు ఆ కాగితాలు చదవడానికి ఇంకొకరిని బతిమాలాలి. మీ-సేవలో చెప్పిందే నిజం. కాలేజీలో చెప్పిందే లెక్క. ఇప్పుడు తల్లి పేరు చదవగలదు. తేదీ చదవగలదు. రసీదు మీద 1,000 ఉందో 10,000 ఉందో చూడగలదు. ఇంతకంటే పెద్ద చదువు దీనికి అక్కర్లేదు.

ఇంటర్ పాసైన బిడ్డ ఇంట్లో ఉంటే, పెళ్లి సంబంధం చూసే ముందు దోస్త్ తేదీ ఎప్పుడో కనుక్కోవాలి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. ఉపకార వేతనానికీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ తేడా ఏమిటి?
2. స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఏమవుతుంది?
3. డిగ్రీ చదివే బీడీ కార్మికుల పిల్లలకు ఏడాదికి ఎంత సాయం ఇస్తారు?
4. కాలేజీ అసలు సర్టిఫికెట్లు ఇవ్వకపోతే ఏం చేయాలి?
5. మీ పిల్లల పదో తరగతి మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టండి. పేరు, పుట్టిన తేదీ రెండిటిలో ఒకేలా ఉన్నాయా? చూసి, మీ నోటు పుస్తకంలో రాయండి.